పారాణి పెట్టిన బోల్టు

"సంతకం పెట్టావంటే ఎల్లుండి బొంబాయి విమానం ఎక్కుతావు. పెట్టకపోతే ఇవాళ అసర్ నమాజు కాగానే ఈ ఊరిని ఏలే వాలీగారు నీ సంగతి తేలుస్తారు. ఎన్నేళ్లు వేస్తారో నాకు తెలీదు, నీకూ తెలీదు."

మనోహరం కాగితాన్ని బల్ల మీద ముందుకు జరిపి వాచీ చూసుకున్నాడు. ఆదివారం పొద్దున పది దాటి పది నిమిషాలు. అసర్, అంటే మధ్యాహ్నం దిగాక చేసే నమాజు, మూడుంబావుకి. చేతిలో ఉన్నది ఐదు గంటల ఐదు నిమిషాలు.

వాలీ కచేరీ వెనక గదిలో, బల్లకి అవతల కూర్చున్న ఇస్తారి కాగితం వైపు కన్నెత్తి చూడలేదు.

"ఏం రాసిండ్రు సారూ దాంట్ల?"

"రైఫిలుకి బోల్టు బిగించడంలో నీ వల్ల పొరపాటు జరిగిందని."

"జరగలె."

"జరగలేదనే అనుకుందాం. ఒప్పుకుంటే ఇంటికి పోతావు కదా?"

"ఇంటికి పోయి ఏమని చెప్పుకోవాలె సారూ? మా తాత దొరల తుపాకులకు పనిచేసిండు. మా నాయిన చేసిండు. మూడు తరాలల్ల మా కొలిమి ముందట పనిచేయించుకున్నోని కన్ను ఒక్కటి పోలేదు. నేను చేసిన పనికి కన్ను వోయిందని నా చేత్తో నేనే రాసిస్తనా? చెయ్యన్న నరుకుమనుండ్రి గని సంతకం మాత్రం పెట్ట."

మనోహరానికి లోపల ముచ్చటేసింది. పైకి మాత్రం కళ్లజోడు తుడుచుకున్నాడు.

హైదరాబాదు పోలీసు లాబరేటరీలో పదకొండేళ్లు తుపాకీ గుళ్ల మీద గీతలు లెక్కపెట్టిన పాలకొల్లు మనిషి మనోహరం. డెబ్బై నాలుగులో ఆ ఉద్యోగం వదిలేసి అరబ్బు దేశంలోని మత్రా రేవుపట్నంలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి దర్యాప్తు అధికారిగా వచ్చాడు. రెండేళ్లలో ఎవరి ఫ్యాక్టరీ ఎందుకు కాలిందో, ఎవరి లారీ ఎలా బోల్తాపడిందో ఇట్టే తేల్చి పారేస్తాడని పేరు తెచ్చుకున్నాడు. ఆ దేశంలోనే బహ్లా అనే ఈ ఊళ్లో రోడ్డు పనులు చేయిస్తున్న కన్‌స్ట్రక్షన్ కంపెనీ మేనేజరు ఆయన్ని పిలిపించింది నిజం తేల్చమని కాదు, తెలుగువాడి చేత తెలుగులో నచ్చచెప్పించి సంతకం తెప్పించుకుందామని. ఆ మేనేజరు తప్పు మనిషిని ఎంచుకున్నాడు, అంతే.

కేసు చూడబోతే అరటిపండు వొలిచినట్టు ఉంది. ఊరి పెద్దల్లో ఒకరైన షేక్ ముహన్నాకి వేటంటే ప్రాణం. పాత మౌజర్ రైఫిళ్లు రెండు విప్పించి, కొత్త గొట్టాలు వేయించి, కొత్త కర్ర చెక్కించి, తనకొకటీ తమ్ముడి కొడుకు సైఫ్‌కొకటీ తయారు చేయిస్తున్నాడు. తూటాని గొట్టంలోకి తోసి వెనక మూసే పాత బోల్టులు అరిగిపోయాయని యూరప్ నుంచి ఒకే పార్సిల్లో రెండు కొత్తవి తెప్పించాడు. అవి అసలు కంపెనీ చేసినవి కావు, బయటివాళ్లు చేసి అమ్మేవి. నంబర్లు లేవు, చూడ్డానికి కవలపిల్లలు. కొన్నది కొన్నట్టు బిగిస్తే సరిపోవు. ఏ రైఫిలుకి ఆ రైఫిలే పెట్టి చూసుకుంటూ, వెంట్రుకవాసి చొప్పున సరిచేసుకోవాలి. సైఫ్ రైఫిలు పని కంపెనీ సెక్యూరిటీ ఆఫీసరు షరీఫ్ చేశాడు. షేకు రైఫిలు పని ఇదే కంపెనీ వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్న కోరుట్ల ఇస్తారి చేశాడు. శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి పదిమంది ఎదుట షేకు తన కొత్త రైఫిల్ని సైఫ్ చేతికిచ్చి, మొదటి గుండు నువ్వే కాల్చమని గౌరవించాడు. తూటా గొట్టంలోనే చీలింది. వేడిగాలీ ఇత్తడి తునకలూ వెనక్కి తన్నాయి. ఇరవై రెండేళ్ల సైఫ్ ఎడమ కన్ను పోయింది.

"సరే," అన్నాడు మనోహరం కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "పని ఎప్పుడు మొదలెట్టావు, ఎప్పుడు ముగించావు? గంటలతో సహా చెప్పు."

"సోమవారం డ్యూటీ దిగినంక షురూ చేసిన. సోమ, మంగళ, బుధ, మూడు రోజులు. బేస్తవారం పన్నెండున్నరకు షేకుసాబు ఇంటికి వోయి చేతికిచ్చిన. సాబు నా ముందట్నే బోల్టు ఇరవై మాట్ల ఆడిచ్చిండు. నవ్విండు. మంచిగున్నదని 'జైన్, జైన్' అన్నడు."

"బోల్టు గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో ఎలా చూశావు? ఇంజనీర్లు వాడే నీలం రంగు ఉందా నీ దగ్గర?"

ఇస్తారి మొహంలో మొదటిసారి నవ్వు వచ్చింది.

"నీలం ఎందుకు సారూ? నాకు పారాణి ఉన్నది."

"పారాణా?"

"మా తాత కాలం నుంచి గదే. పసుపుల ఇంత తమలపాకు సున్నం కలిపి, రెండు సుక్కలు కొబ్బరినూనె వేసి నూరాలె. ఎర్రగయితది. పెండ్లిపిల్ల కాళ్లకు పెట్టినట్టు బోల్టు మొనకున్న రెండు చెవులకు పల్చగ పెట్టి లోపలికి తోసి మూసి తీస్తే, ఎక్కడ తగుల్తుందో అక్కడ రంగు వోతది. తగిలినకాడ ఆకురాయితోటి ఒక్క దెబ్బ. మళ్ల పెట్టాలె, మళ్ల చూడాలె. రెండు చెవులు ఒక్కతీరుగ తగిలేదాక నూటిరవై మాట్ల పెట్టిన."

"పని అయ్యాక తుడిచేశావా?"

"తుడువద్దు." ఇస్తారి గొంతు కటువయ్యింది. "మొదటి గుండు పేలేదాక పారాణి కడగద్దు. మొదటి గుండు పనిచేసినోడే కాల్చాలె, వాని చెంపనే కర్రకు ఆనాలె. పని మంచిగుంటే గుండు పేలినంక వాడే కడుగుతడు. లేకుంటే వాని కన్నే వోతది. గది మా కులపోళ్ల కట్టు. శుక్కురారం నేనే కాలుస్తనని దర్వాజ కాడ నిలవడ్డ సారూ! 'కూలోనికి షేకుల మజ్లిస్‌ల ఏం పని' అని షరీఫ్ సాబు ఎల్లగొట్టిండు. నన్ను కాల్వనిస్తే ఆ పోరని కన్ను ఉండు."

చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. తన మీద పడ్డ నిందకి కాదు, సైఫ్ కన్ను తల్చుకుని. మనోహరం లేచి అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఈ మనిషిని దోషి అన్నవాడి నోట్లో మన్ను పొయ్యాలి అనుకున్నాడు. డిటెక్టివ్ అనేవాడు అలా ముందే అనుకోకూడదని ఆయనకి తెలుసు. తెలిసీ అనుకున్నాడు.

*

పదకొండు ఇరవైకి షేకు అతిథుల్ని కూర్చోబెట్టే మజ్లిస్ గదిలో షరీఫ్ ఎదురొచ్చాడు. ఆరడుగుల మనిషి, గోరింట పెట్టిన మీసం. హైదరాబాదు ముషీరాబాద్ వాడు. సైన్యంలో పద్దెనిమిదేళ్లు ఆయుధాల మరమ్మతు చేసి వచ్చాడు. ఆ మాట రోజుకి నాలుగుసార్లయినా చెప్పకపోతే అతనికి అన్నం సహించదని వర్క్‌షాపులో చెప్పుకుంటారు.

"దస్కత్ అయిందా మనోహరం సాబ్?"

"పెట్టనన్నాడు. రైఫిలు చూపించండి."

"చూసి ఏం చేస్తరు? నువ్వు లాబుల కూసోని భూతద్దంల చూసేటోనివి. నేను పల్టన్‌ల పద్దెనిమిదేండ్లు బందూకులు విప్పినోన్ని. కేస్ సాఫ్ ఉన్నది. మీ ఇస్తారి కొత్త బోల్ట్ దాచుకున్నడు, ఎక్కడిదో జంగు పట్టిన పాతది ఏసిండు. ఆవో, దిఖాతా."

మజ్లిస్ గోడకి నాలుగు మేకులు. రెండింటికి రైఫిళ్లు వేలాడుతున్నాయి, రెండు ఖాళీ. నాపరాయి గట్టు మీద గుడ్డపరచి, ప్రమాదం జరిగిన రైఫిల్ని పడుకోబెట్టారు. బోల్టు విడిగా పక్కన ఉంది. తూటాని వెనక్కి లాగే కొక్కెం విరిగిపోయింది. మనోహరం జేబులోంచి చిన్న టార్చీ తీసి, బోల్టు చెవులు వెళ్లి కూర్చునే గాడిలోకి వెలుగు వేశాడు. లోపల మూలల్లో ఎర్రగా మరక.

"జంగు!" అన్నాడు షరీఫ్ విజయగర్వంతో. "ఇగ ఏమంటవ్?"

"తుప్పంటారా?"

"అంధేకో భీ దిఖ్తా సాబ్, గుడ్డోనికి సుత కనవడ్తది."

ఆ వేళకి వంటవాడు బాబు మియా మధ్యాహ్నపు భోజనాల పళ్లెం తెచ్చాడు. అన్నం, చేప, పక్కన కోసిన నిమ్మకాయ. మనోహరం చేపని ముట్టుకోలేదు. నిమ్మచెక్క ఒకటి తీసుకుని, పుల్లకి దూది చుట్టి, రసంలో ముంచి గాడి మూలలో అద్ది బయటికి తీశాడు.

దూది పసుప్పచ్చగా ఉంది.

"తుప్పు నిమ్మరసం తగిలితే పచ్చబడదు షరీఫ్ భాయ్. పసుపూ సున్నమూ కలిస్తే ఎర్రన, అందులో పులుపు పడితే మళ్లీ పచ్చన. మా ఇళ్లలో దిష్టి తీసే ఆడవాళ్లని అడగండి, లాబరేటరీ దాకా పోనక్కర్లేదు. ఇది ఇస్తారి పెట్టిన పారాణి. మూడు రోజులు ఈ రైఫిల్లో వాడు పనిచేసిన మాట నిజం."

"అయితే? పని చేసిండు, ఖరాబ్ చేసిండు!"

"అదే చూద్దాం." మనోహరం రెండో పుల్లతో బోల్టు రెండు చెవులూ, వాటి మొదళ్లూ, సందులూ తుడిచాడు. దూది నల్లబడింది, మసి. పసుపు జాడ చుక్కైనా లేదు. "నూటిరవై సార్లు పారాణి పూసుకున్న బోల్టు మీద ఒక్క చుక్క లేదు. గాడిలో ఉంది. అంటే గాడి ఇస్తారి చూసినదే, బోల్టు మాత్రం ఇస్తారి చూసినది కాదు."

షరీఫ్ మీసం ఒకవైపు లేచింది. "పేలినంక పోయుంటది."

"గాడిలోది పోకుండా దీని మీదిదే పోయిందా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది."

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి చూస్తున్న షేక్ ముహన్నా లోపలికి వచ్చాడు. తెల్లగడ్డం, నడుముకి వెండి ఖంజర్. మనోహరం అరబీలో ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: గురువారం మధ్యాహ్నం బోల్టు ఆడించి చూసినప్పుడు మీ చేతికి ఏమైనా అంటిందా?

షేకు కుడిచేతి వేళ్లు చూసుకున్నాడు. "ఎర్రరంగు అంటింది. గోరింటాకా అని అడిగాను. అది శుభమని, కడగవద్దని ఇస్తారి సైగ చేశాడు. నేను కడుక్కునే అన్నం తిన్నాను."

అంటే ఇస్తారి అప్పగించినది అసలు బోల్టే. మార్పిడి జరిగింది గురువారం పన్నెండున్నరకీ శుక్రవారం ఎనిమిదింటికీ మధ్య. ఆ రైఫిల్ని ముట్టుకున్నది ఎవరెవరని మనోహరం బాబు మియాని అడిగాడు. అతను వేళ్లు మడిచి చెప్పాడు. షేకుసాబు. అసర్ తర్వాత వచ్చి, రైఫిలు దించి చూసి, కాఫీ తాగి, పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజుకి ముందే వెళ్లిపోయిన షరీఫ్ సాబు. ఆ తర్వాత సైఫ్ బాబా. ఇంకెవరూ లోపలికి రాలేదు.

"నన్ను దొంగ అంటున్నవా?" షరీఫ్ కళ్లు ఎర్రబడ్డాయి.

"నేనేమీ అనలేదే. మీరే భుజాలు తడుముకుంటున్నారు." మనోహరం చల్లగా అడిగాడు. "మీరు బోల్టు బిగించేటప్పుడు ఏ రంగు వాడతారు?"

షరీఫ్ ఛాతీ ఉప్పొంగింది. చొక్కా జేబులోంచి చిన్న రేకు డబ్బీ తీసి మూత తెరిచి చూపించాడు. నీలం. "ఫౌజీ తరీఖా. హల్దీ-చూనా పాన్ డబ్బాలు నా దగ్గర నడవయ్. సైఫ్ మియా బందూక్ నేను చేసిన. బుధవారం అయిదు ఫైర్ కొట్టిన, అయిదూ గురి మీదనే. ఇయ్యాల అసర్ నమాజ్ తర్వాత వాలీసాబ్ ముందట అదే బందూక్ నేను కాల్చి చూపిస్త. ఫౌజీ పని ఎట్లుంటదో, కూలీ పని ఎట్లుంటదో జమాత్ మొత్తం చూస్తది!"

తలుపు ధడాలున వేసి వెళ్లిపోయాడు. గోడకి ఖాళీగా ఉన్న రెండో మేకు సైఫ్ రైఫిలుదని, దాన్ని షరీఫ్ అప్పటికే పట్టుకెళ్లాడని మనోహరానికి అప్పుడు తెలిసింది.

ఆయన మళ్లీ బోల్టు మీదికి వంగాడు. ఎడమ చెవి మొదట్లో, మసి కింద, పేనంత గీతలో నీలం. మనోహరం నిట్టూర్చి లేచాడు. షరీఫ్ చేత్తో సరిచేసిన బోల్టు షేకు రైఫిల్లో పేలింది. దొంగ దొరికినట్టే. పన్నెండు ఐదు అయింది. నిమ్మకాయ రెండో చెక్కని రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు. 

*

దొంగ దొరికాడనుకున్న ధీమాతోనే, గంటకు పైగా దూరంలో ఉన్న ఆసుపత్రికి జీపులో వెళ్లాడు మనోహరం. సైఫ్ చేత ఒక్క మాట చెప్పించుకుంటే చాలనుకున్నాడు. ఆ ధీమా వార్డు గుమ్మం దాకానే నిలిచింది.

స్టాఫ్ నర్సు మేరీకుమారిది నరసాపురం. ఇద్దరివీ పక్కపక్క ఊళ్లు కావడంతో పాత పరిచయం. శుక్రవారం సైఫ్‌ని స్ట్రెచర్ మీద తెచ్చినప్పుడు డ్యూటీలో ఉన్నది ఆవిడే.

"రండన్నయ్యగారూ. కుర్రాడు ఎవరితోనూ మాట్టాడ్డంలేదండి. వాళ్ల పెదనాన్న వచ్చినా గోడవైపు తిరిగి పడుకుంటన్నాడు. కన్ను పోయిన బాధనుకున్నాం గానండి, నాకైతే అది వేరే బాధలా ఉంది."

"చేతులేమైనా కాలాయా అమ్మా?"

"కాల్లేదండి. కానీ ఓ వింత చెప్పనా? కుడిచేతి గోళ్లల్లో పచ్చగా ఉందండి. ఇంజెక్షన్ ఇవ్వాలని సబ్బు పెట్టి కడిగితే ఎర్రగా తిరిగింది! పసుపుకి సబ్బు తగిలితే అంతే కదండి, మన చీరల మీద ఎన్నిసార్లు చూళ్లేదూ. ఈళ్లూ కూరల్లో పసుపు వేసుకుంటారు కదా అని ఊరుకున్నాను. కానీ కొబ్బరినూనె వాసనొచ్చిందండి. ఈ ఊళ్లో కొబ్బరినూనె ఎవరు తింటారు?"

మనోహరం నిలబడ్డచోటే నిలబడిపోయాడు. పదకొండేళ్ల లాబరేటరీ అనుభవం ఒక బకెట్టు సబ్బునీళ్ల ముందు దిగదుడుపైపోయింది. శుక్రవారం సైఫ్ కాల్చిన రైఫిల్లో ఉన్నది నీలం బోల్టు. దాన్ని పట్టుకుంటే గోళ్లల్లోకి పారాణి రాదు. చెమటకో, అన్నంలో పిండుకున్న నిమ్మరసానికో గోళ్లల్లో ఎర్ర పారాణి పచ్చబడి ఉంటుంది. ఇస్తారి బోల్టుని అతను అంతకు ముందే పట్టుకున్నాడు.

"అమ్మా మేరీకుమారీ, నీకు పోలీసుశాఖ మెడల్ ఇవ్వాలి."

"మెడలెందుకండి, నాలుగు రోజులు లీవిప్పించండి చాలు," అంది ఆవిడ నవ్వుతూ. నవ్వినా, తన మాటకి విలువ దొరికిందన్న గర్వం మొహంలో దాగలేదు.

వాచీలో రెండు పది. సైఫ్ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు మనోహరం. సగం మొహం కట్లు. మిగిలిన కన్ను గోడ మీదే ఉంది.

"గురువారం మగ్రిబ్ తర్వాత మీ పెదనాన్నగారి బోల్టు తీసి నీ రైఫిల్లో వేసుకున్నావు. నీది ఆయన దాంట్లో పెట్టావు. ఎందుకు?"

సైఫ్ దుప్పటి మెడదాకా లాక్కున్నాడు.

"ఇస్తారి అనే మనిషి కచేరీ వెనక గదిలో ఉన్నాడు. నీ కన్ను గురించి ఏడ్చాడు. తన గురించి కాదు."

గోడ మీద ఉన్న కన్ను మూసుకుంది. పెదాలు కదిలాయి.

"రెండూ ఆడించి చూశాను. నాది గీరుకుంటూ మూసుకుంది. ఆయనది వెన్నలో వేలు దిగినట్టు దిగింది. అంత మంచి పని నా రైఫిలుకి ఎందుకు లేదనిపించింది. చూడ్డానికి రెండూ ఒకటే. ఎవరికి తెలుస్తుంది, ఏం నష్టం అనుకున్నాను. పొద్దున ఆయన అందరి ముందూ మొదటి గుండు నాకిచ్చారు. ఎలా వద్దనను? వల్లాహీ, ప్రమాదమని తెలీదు." కట్టు మీద చెయ్యి వేసుకున్నాడు. "దొంగిలించినవాడు షేకు ఇంటి పిల్లవాడని ఊరంతా అనుకోవడం కంటే కన్ను పోవడమే నయమనుకున్నాను. ఆ ఇండియా మనిషిని ఇంటికి పంపేస్తారులే అనుకున్నాను."

మంచి పని చేసినందుకే ఇస్తారికి ఈ గతి పట్టింది. నాసిరకంగా చేసి ఉంటే ఎవడూ ముట్టుకునేవాడు కాదు. మనోహరానికి జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి. అంతలో ఇంకేదో తట్టి, స్టూలు మీంచి లేచాడు.

"అయితే ఇస్తారి బోల్టు ఇప్పుడు ఎక్కడుంది?"

"నా రైఫిల్లో."

"దాన్ని నువ్వు కాల్చలేదు కదా?"

"లేదు. తూటా లేకుండా మూసి చూశాను. బాగానే మూసుకుంది."

"తూటా లేకుండా ఏ బోల్టైనా మూసుకుంటుంది నాయనా! అది ఒక తాళానికి చేసిన తాళంచెవి. ఇంకో తాళంలో, తూటా ఉన్నప్పుడు, సగమే తిరుగుతుంది. బలవంతంగా తిప్పి కాలిస్తే నీకు జరిగిందే, ఇంకా ఎక్కువే." మనోహరం వాచీ వైపు చూశాడు. "ఆ రైఫిల్ని షరీఫ్ పట్టుకెళ్లాడు. వాలీగారి ముందు కాలుస్తానని."

సైఫ్ మంచం మీంచి దిగిపోయాడు. మేరీకుమారి అడ్డం వచ్చింది. "ఎక్కడికండీ! కుట్లు తెగిపోతాయి!" అతను వినలేదు. ఆవిడా ఆగలేదు. మందుల పెట్టె చంకన పెట్టుకుని జీపు వెనకసీట్లో అతని పక్కనే ఎక్కింది.

*

వాలీగారి కచేరీ ముందు మైదానంలో చాపలు పరిచి ఉన్నాయి. నమాజు ముగిసింది. వాలీ, షేక్ ముహన్నా, ఊరి పెద్దలు, కంపెనీ మేనేజరు కూర్చున్నారు. ఒక పక్కగా ఇస్తారి, అతని వెనక సిపాయి. మధ్యలో షరీఫ్ నిలబడి సైఫ్ రైఫిలు ఎత్తి పట్టుకుని అందరికీ చూపించాడు. వంద అడుగుల్లో కొబ్బరికాయంత రాయి, దాని మీద సున్నంతో గుర్తు.

షరీఫ్ తూటా వేసి బోల్టు ముందుకు తోశాడు. పిడి కిందికి వంచబోయాడు. అది సగంలో ఆగింది.

షరీఫ్ నుదుటి మీద చెమట కనబడింది. ఇంతమంది పెద్దల ముందు, తన చేత్తో చేసిన రైఫిలు మూసుకోవడం లేదని ఎలా చెబుతాడు? అరచేత్తో ఒక దెబ్బ వేశాడు. ఇంకో దెబ్బ. పిడి ఇంకాస్త దిగింది. రైఫిలు భుజానికి ఎత్తాడు.

"ఆగు సాబ్! ఆగు! నీ కండ్లు వోతయ్!"

అరిచినవాడు ఇస్తారి. అరిచి ఊరుకోలేదు. సిపాయి చెయ్యి విదిలించుకుని, చాపల మీంచి దూకి, రైఫిలు గొట్టాన్ని ఆకాశంలోకి ఎత్తి పట్టుకున్నాడు. ఇద్దరు సిపాయిలు వచ్చి అతని మీద పడ్డారు.

"చూసిన్రా!" అని షరీఫ్ కేకపెట్టాడు. "ఖైదీ! బందూక్ గుంజుకుంటున్నడు!"

"గది నా బోల్టు సాబ్!" నేల మీద మోకాళ్లతో ఉండి కూడా ఇస్తారి గొంతు తగ్గలేదు. "నా పని అట్ల తన్నించుకోదు. వేరే ఇంట్ల వెట్టిండ్రు దాన్ని. సప్పుడుతోనే తెలుస్తది నాకు!"

జీపు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది అప్పుడే. మూడు ముప్ఫై రెండు. మనోహరం దిగినవాడు దిగినట్టే వాలీ ముందుకు వెళ్లి, సలాం చేసి, ఒక్క నిమిషం అడిగాడు. వాలీ చెయ్యి ఎత్తడంతో సిపాయిలు ఆగారు. మనోహరం రైఫిలు అందుకుని, తూటా జాగ్రత్తగా బయటికి తీసి, బోల్టు పూర్తిగా లాగి షేకు ముందు చాప మీద పెట్టాడు. చెవుల మొదళ్లలో ఎర్రగా ఉంది. జేబులోంచి రుమాలు తీసి, ఎండి ముడుచుకుపోయిన నిమ్మచెక్కని పిండాడు. రెండే చుక్కలు పడ్డాయి. రెండూ చాలు.

ఎరుపు పచ్చబడింది. షేకు ముందుకి వంగి చూశాడు. తర్వాత తన కుడిచేతి వేళ్లు చూసుకున్నాడు.

"ఎవరు మార్చారు?" అన్నాడు వాలీ.

మనోహరం నోరు తెరవబోయాడు. తెరవక్కర్లేకపోయింది. కట్లతో, ఆసుపత్రి బట్టలతో, మేరీకుమారి భుజం ఆసరాతో సైఫ్ చాపల మధ్యకి నడిచి వచ్చాడు.

"నేను," అన్నాడు. "దొంగ నేను. ఆ మనిషి చేతిలో ఏ దోషమూ లేదు." పెదనాన్న కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు.

 షేకు మొహం రాయిలా ఉంది. ఆ రాయి కదిలింది. ఆయన లేచి, ఇస్తారి దగ్గరికి వెళ్లి, సిపాయిల చేతులు తప్పించి, తనే రెక్క పట్టుకుని లేవదీశాడు. "నా ఇల్లు నీకు బాకీ పడింది. ఏం కావాలో అడుగు."

మనోహరం తెలుగులో చెప్పాడు. ఇస్తారి మోకాళ్ల దుమ్ము దులుపుకున్నాడు.

"నాకేం వద్దు సారూ. షేకుసాబు బందూకు తెప్పియ్యిండ్రి. మొదటి గుండు నేను కాలుస్త."

"ఖైదీ చేతిల భరీ బందూక్?" అన్నాడు షరీఫ్, కానీ మునుపటి గొంతుతో కాదు.

వాలీ షేకు వైపు చూశాడు. షేకు తల ఊపాడు.

షేకు రైఫిలు వచ్చింది. ఇస్తారి తొందరపడలేదు. విరిగిన కొక్కెం షరీఫ్ బోల్టుది, తన బోల్టుకి కొక్కెం బాగానే ఉంది. గొట్టం లోపలా, గాడీ, కర్రా టార్చీతో గీతగీతా చూశాడు. మొలలో దాచుకున్న సున్నం కాయ తీశాడు. మేరీకుమారి మందుల పెట్టెలోంచి వాసెలిన్ ఇచ్చింది. పసుపు బాబు మియా వంటింట్లోంచి వచ్చింది. నూరి, చెవులకి పల్చగా పూసి, లోపలికి తోసి, మూసి, తీశాడు. రెండు చెవుల మీదా రంగు ఒక్కతీరుగా పోయింది. అది వాలీకి చూపించాడు, షేకుకి చూపించాడు. చివరికి నడుచుకుంటూ వెళ్లి షరీఫ్‌కి కూడా చూపించాడు. షరీఫ్ చాలాసేపు చూశాడు. పద్దెనిమిదేళ్ల పనివాడు కదా, కళ్లు అబద్ధం చెప్పనివ్వలేదు. "సహీ హై," అన్నాడు మెల్లగా.

"నీ పని కూడ ఖరాబ్ లేదు సాబ్," అన్నాడు ఇస్తారి. "నీ బోల్టు నీ బందూకుల మంచిగనే ఉండె. ఇంట్లకెళ్లి తీసి పరాయింట్ల వెడితే ఏదైన ఏం జేస్తది?"

తూటా వేశాడు. బోల్టు మూసుకున్న చప్పుడు మైదానంలో సగం మందికి వినబడనే లేదు. మేనేజరు, పెద్దలు నాలుగడుగులు వెనక్కి జరిగారు. మనోహరం జరగలేదు, సైఫ్ జరగలేదు. ఇస్తారి చెంప కర్రకి ఆనించి, ఒక కన్ను మూశాడు.

వంద అడుగుల్లో రాయి రెండు ముక్కలైంది.

మనోహరం జేబులోంచి సంతకం లేని కాగితం తీసి, నాలుగు ముక్కలుగా చింపి మేనేజరు చేతిలో పెట్టాడు. ఇంత గర్వంగా ఆయన ఏ కేసూ మూయలేదు, మూసింది తను కాకపోయినా సరే.

ఇస్తారి బోల్టు తీసి, పొగ ఊది, మేరీకుమారి వైపు చూశాడు.

"అక్కా, జర సబ్బునీళ్లు ఇట్ల దెస్తవా? ఇగ కడగచ్చు."